అమ్మమ్మగారి గుట్టపూసల హారం, రవ్వల దిద్దులు, వెండి పట్టీలు: ఇంట్లో ఎంతవరకు శుభ్రం చేయవచ్చు?

గోదావరి గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి పెళ్ళి వచ్చే మాఘమాసంలో జరగనుంది. పెళ్ళిలో అమ్మాయి చేత పెట్టించాలన్న కోరికతో మా అమ్మమ్మగారి నగలను 12 ఏళ్ళ తరువాత బ్యాంకు లాకరు నుంచి ఇంటికి తెచ్చాను. కెంపులు పొదిగిన గుట్టపూసల (గుత్తులుగా కూర్చిన చిన్న ముత్యాల) హారం ఒకటి, ఏడు రాళ్ళ రవ్వల దిద్దుల జత, పచ్చరాయి ఉంగరం, వెండి పట్టీలు, కుంకుమ భరిణె వాటిలో ఉన్నాయి. ఇవి గాక నేను రోజూ వేసుకునే నల్లపూసలు, పుస్తెలు ఉన్న నానుతాడు కూడా పసుపు, చెమట, సబ్బు పేరుకుని కళ తప్పాయి.

ఉంగరం విషయంలో ఇప్పటికే ఒక పొరపాటు చేశాను. ఒక వీడియోలో చూపించినట్లు మరిగిన నీటిలో వంటసోడా, బట్టలు ఉతికే పొడి కలిపి అందులో దానిని అరగంట నానబెట్టాను. బంగారం మెరిసింది కానీ, పచ్చ మాత్రం పాలిపోయినట్లయి, లోపల ఇదివరకు కనిపించని తెల్లని గీతలు బయటపడ్డాయి. అప్పటి నుంచి మిగిలిన నగల మీద చెయ్యి వేయాలంటే భయంగా ఉంది.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అత్తయ్యగారు బంగారానికి కుంకుడు రసం, వెండికి విభూతి చాలునంటున్నారు. మా తోడికోడలు పళ్ళ పేస్టుతో తోమమంటోంది. అల్యూమినియం రేకు, వంటసోడా వేస్తే వెండి నలుపు క్షణాల్లో పోతుందని మరొకరు చెప్పారు. వీటిలో ఏవి నిజంగా పనికివస్తాయి, ఏ నగను ఇంట్లో ముట్టుకోవచ్చు, దేనిని స్వర్ణకారుని దగ్గరకు తీసుకువెళ్ళాలి, పాలిపోయిన పచ్చకు ఇంకేమైనా దారి ఉన్నదా అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాత ప్రయోగశాల:

నమస్కారమండి. నేను గుంటూరులో 30 ఏళ్ళకు పైగా రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నగల పనితనం గురించి చెప్పే అర్హత నాకు లేదు కానీ, మీరు అడిగిన పదార్థాలు ఏవి ఎలా పనిచేస్తాయో చెప్పగలను.

ముందుగా బంగారం. మనం 916 అని పిలిచే 22 క్యారెట్ల నగలో నూటికి 91.6 పాళ్ళు బంగారం ఉంటుంది, మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు. అసలు బంగారం గాలికీ నీటికీ చెమటకూ మారదు. మనకు కనిపించే మాలిన్యంలో ఎక్కువ భాగం నూనె, సబ్బు తెట్టు, పసుపు, చర్మం నుంచి రాలిన పొట్టు. కొద్దిపాటి నలుపు మాత్రం అందులో కలిసిన రాగి, వెండి వల్ల వస్తుంది. జిడ్డును వదిలించడానికి గోరువెచ్చని నీరు, కాస్త సబ్బు చాలును. కుంకుడుకాయలో ఉండే సపోనిన్లు చేసే పని కూడా అదే కనుక మీ అత్తయ్యగారి మాట బంగారం వరకు పూర్తిగా సరైనదే.

పళ్ళ పేస్టు మాత్రం వద్దు. దంతాల మీద పాచిని గీకడానికి అందులో సిలికా వంటి గరుకు పొడులు కలుపుతారు. దంతపు పైపొర గట్టిది కనుక తట్టుకుంటుంది. బంగారం, వెండి రెండూ 1 నుంచి 10 వరకు ఉండే గట్టిదనపు కొలతలో (మోస్ కొలత) 3కు అటూ ఇటూ ఉండే మెత్తని లోహాలు. పేస్టుతో తోమిన వెంటనే మెరిసినట్లే ఉంటాయి గానీ, భూతద్దంలో చూస్తే ఉపరితలమంతా సన్నని గీతలు కనిపిస్తాయి, ఆ గీతల్లోనే మళ్ళీ మురికి త్వరగా చేరుతుంది. విభూతి పేస్టు కంటే మెత్తనిదే అయినా పని ఒకటే: అది నల్లబడిన పొరను గీకి తీస్తుంది, ఆ పొరతో పాటు రవ్వంత వెండీ పోతుంది. ఏడాదికి ఒకసారి బాగా జల్లించిన విభూతితో మెత్తని గుడ్డ మీద తుడిస్తే నష్టం లేదు. ప్రతి శుక్రవారం తోమితే మాత్రం భరిణె మీది నగిషీ కొన్నేళ్ళకు అరిగిపోతుంది.

వెండి నల్లబడటానికి కారణం గాలిలోని గంధకపు వాయువులు. వాటితో చర్య జరిగి పైన సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. అల్యూమినియం రేకు చిట్కా ఈ పొరను గీకి పారేయదు, తిరిగి వెండిగా మారుస్తుంది. అందుకే రసాయనశాస్త్రం తెలిసినవారికి అది ఇష్టం. గాజు లేదా పింగాణీ గిన్నెలో రేకును పరచి, వెండి వస్తువు దానిని తాకేలా ఉంచి, రెండు చెంచాల వంటసోడా చల్లి వేడినీరు పోయాలి. అల్యూమినియం గంధకాన్ని తన వైపు లాక్కుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొద్దిగా వస్తే పని జరుగుతున్నదని అర్థం. కిటికీ తెరిచి ఉంచండి. 5 నిమిషాల్లో తీసి మంచినీటిలో కడిగి పూర్తిగా తుడవాలి. ఇది రాళ్ళు, ముత్యాలు, మీనా పని (రంగుల ఎనామెల్ పూత) లేని నగలకు మాత్రమే. పట్టీల చెక్కుడు లోతుల్లో కావాలని ఉంచిన నలుపు ఉంటే అది కూడా పోయి నగ బోసిగా కనిపిస్తుంది, కాబట్టి ముందే చూసుకోండి.

ఇక చింతపండు, నిమ్మరసం, వెనిగర్. ఇత్తడి చెంబుకు ఇవి బాగున్నాయి కదా అని ముత్యాల దగ్గరకు తీసుకురాకండి. ముత్యం, పగడం రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే, అంటే సుద్దముక్కకు చుట్టాలు. పుల్లని ద్రవం ఏదైనా వాటిని కరిగిస్తుంది. ఒకసారి నిగారింపు పోయిన ముత్యపు పొరను తిరిగి తెచ్చే ఉపాయం ఏ ప్రయోగశాలలోనూ లేదు. కుంకుడు రసం కూడా స్వల్పంగా ఆమ్ల స్వభావం కలదే కనుక మీ గుట్టపూసలను అందులో నానబెట్టకండి. అమ్మోనియా కలిసిన నగల ద్రావణాలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, బాత్రూము కడిగే బ్లీచింగు ద్రావణాన్ని అమ్మోనియాతో ఎప్పుడూ కలపవద్దు. వెలువడే వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం.

కుంపటి పక్కన:

అమ్మా, మాది ప్రొద్దుటూరు. మా తాతగారి కాలం నుంచి నగల పని చేస్తున్న కుటుంబం మాది. మాస్టారు చెప్పిన లోహాల సంగతికి వంక పెట్టవలసింది లేదు. అయితే మా దగ్గరకు పాడైపోయి వచ్చే నగల్లో బంగారం పాడైనది నేను ఎన్నడూ చూడలేదు. పాడయ్యేది రాయి, రాయి వెనుక రేకు, దాని కింద లక్క, ముత్యాలు గుచ్చిన దారం. అందుచేత నగను నీటిలో ముంచే ముందు దేనితో కడగాలని కాదు, దీని లోపల ఏముందని అడగాలి.

నగను తిప్పి వెనుక వైపు చూడండి. రాయి వెనుక బంగారం తెరిచి ఉండి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రాయి గుండా కాంతి కనిపిస్తే దానిని ఓపెన్ సెట్టింగ్ అంటాము. వెనుక అంతా బంగారు రేకుతో మూసి ఉంటే అది క్లోజ్డ్ సెట్టింగ్. పాతకాలపు కెంపుల నగలు దాదాపు అన్నీ ఈ రెండో రకమే. లోపల లక్క నింపి, రాయికి మెరుపు రావడానికి దాని కింద పలుచని తళుకు రేకు పరచి, చుట్టూ బంగారాన్ని నొక్కి బిగిస్తారు. దానిని నీటిలో ముంచితే అంచుల సందుల్లోంచి చెమ్మ లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. కొన్ని వారాలకు తళుకు రేకు నల్లబడి, ఎర్రని కెంపు ముదురు గోధుమరంగు మచ్చలా కనిపిస్తుంది. నీరు వేడిగా ఉంటే నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే నీరు మరిగే వేడికి చాలా ముందే లక్క మెత్తబడుతుంది, రాయి కదులుతుంది. అమ్మమ్మగారి హారం ఈ కోవలోదే అయి ఉంటుంది. ఎట్టి పరిస్థితిలోనూ ముంచకండి.

హారాన్ని ఇలా చేయండి. తెల్లని గుడ్డ పరచుకుని, వెలుతురు బాగా ఉన్న చోట కూర్చోండి. ఏదైనా రాలితే తెల్లని గుడ్డ మీద కనిపిస్తుంది. పసిపిల్లల పళ్ళ బ్రష్షు గానీ, బొమ్మలు వేసే మెత్తని కుంచె గానీ పొడిగానే తీసుకుని బిళ్ళల సందుల్లోని దుమ్మును మెల్లగా దులపండి. ఆ తరువాత పాత మల్లు గుడ్డను నీటిలో తడిపి, ఇక చుక్క రాలదనేంతగా పిండి, బంగారపు భాగాలను మాత్రమే తుడవండి. జిడ్డు మరీ గట్టిగా ఉన్న చోట దూది పుల్లకు ఒక్క బొట్టు సబ్బునీరు అద్ది వాడవచ్చు. గుట్టపూసలను విడిగా, తడి ఆరిన మెత్తని గుడ్డతో ఒక్కొక్క గుత్తినీ పట్టుకుని తుడవాలి. అవి దారం మీద గుచ్చినవైతే దారానికి నీరు తగలకూడదు, తడిసిన దారం సాగుతుంది. ఆరబెట్టడం ఫ్యాను కింద నీడలోనే. ఎండలోనూ, జుట్టు ఆరబెట్టే యంత్రం ముందూ వద్దు.

పనికి ముందు ఇంకొక చిన్న పరీక్ష ఉంది. నగను చెవి దగ్గర పెట్టుకుని గోటితో మెల్లగా తట్టండి. బిగువుగా ఉన్న నగ మౌనంగా ఉంటుంది. కిటకిటమని చిన్న చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఒక రాయి వదులైందని అర్థం. అటువంటి నగను తుడవడం కూడా మాని నేరుగా ఆచారిగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. రాయి ఉండగా బిగించడం పది నిమిషాల పని. పోయిన తరువాత పాతకాలపు కోతకు సరిపడే రాయిని వెతకడం ఎంత కష్టమో చేసేవారికే తెలుస్తుంది.

రవ్వల దిద్దులను కూడా వెనుక చూసిన తరువాతే ముట్టుకోండి. వజ్రం అంతటి గట్టి రాయి లేదు, 10కి 10. అయినా పాత ఏడు రాళ్ళ దిద్దులు ఎన్నో క్లోజ్డ్ సెట్టింగులో చేసినవే. మా వాడుకలో బ్లూ జాగర్ అని గొప్పగా చెప్పుకునే రవ్వలున్న పాత దిద్దులు వస్తుంటాయి. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని పేరు మన పెద్దల నోట అలా మారింది. అటువంటివి మూసిన కట్టుతో ఉంటే పై తుడుపుతో సరిపెట్టాలి. వెనుక తెరిచి ఉంటే మాత్రం ధైర్యంగా కడగవచ్చు. వజ్రానికి జిడ్డును పట్టి ఉంచే గుణం ఉంది. తలకు రాసుకున్న నూనె జారి రాయి వెనుక భాగంలో పేరుకోవడం వల్లే కాంతి తగ్గుతుంది, రాయి పాతబడినందువల్ల కాదు. గోరువెచ్చని సబ్బునీటిలో 20 నిమిషాలు ఉంచి, వెనుక నుంచి బ్రష్షుతో తోమితే తేడా మీకే తెలుస్తుంది. శీలను విడిగా తీసి, దాని మరల్లోని జిడ్డును కూడా వదిలించండి. చెవి పుండ్లు పడటానికి ఆ మురికి కూడా ఒక కారణమే.

నానుతాడు, పుస్తెలు. మెడలోంచి తీయడం గురించి మీ ఇంటి ఆనవాయితీ మీకు తెలుసు. చాలామంది పసుపు కొమ్ము కట్టిన దారాన్ని మెడలో వేసుకుని అప్పుడు తీస్తారు. నాలుగైదు కుంకుడుకాయలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి పిసికి, వడగట్టిన రసంలో గొలుసును పావుగంట ఉంచండి. పుస్తెల వెనుక గుంటల్లో, నాను అల్లికలో పసుపు గట్టిపడి ఉంటుంది కనుక తొందరపడి సూదితో పొడవకండి, రెండోసారి నానబెడితే అదే వదులుతుంది. నల్లపూసలు దారం మీద ఉన్నవైతే నానబెట్టవద్దు. బంగారు తీగ మీద ఉన్నవైతే ఒక్క నిమిషం ముంచి తీస్తే చాలు. కడగడం కుళాయి కింద కాదు, రెండు గిన్నెల్లో నీళ్ళు పెట్టుకుని ఒకదాని తరువాత ఒకదానిలో ముంచండి. సింకు గొట్టంలోకి జారిపోయిన ముక్కుపుడకల కథలు మా అంగట్లో వారానికి ఒకటి వింటాము.

ఉంగరం గురించి బాధపడకండి, దారి ఉంది. పచ్చరాయిలో పుట్టుకతోనే సన్నని పగుళ్ళు ఉంటాయి. అవి కనిపించకుండా రాళ్ళ వ్యాపారులు వాటిలో నూనె పట్టిస్తారు. దేవదారు నూనె వాడటం పాతకాలం నుంచి ఉన్న ఆచారం. వేడినీరు, ఉతికే పొడి కలిసి ఆ నూనెను లాగేశాయి. మీకు కనిపిస్తున్న తెల్లని గీతలు కొత్త పగుళ్ళు కాకపోవచ్చు, నూనె పోయి బయటపడిన పాతవే కావచ్చు. మళ్ళీ నూనె పట్టించవచ్చు. జైపూరులో అది ఒక వృత్తి, మన పెద్ద ఊళ్ళలోని రాళ్ళ వ్యాపారులు కూడా అక్కడికి పంపించి చేయించి ఇస్తారు. అంతవరకు వంటనూనె రాసే ప్రయోగం మాత్రం చేయకండి, అది పాచిపోయి రాయి లోపల పసుపు రంగు తేలుతుంది.

ఇంకొకటి చెప్పాలి. వీధుల్లో నగలకు మెరుగు పెడతామని తిరిగేవారికి ఏ నగనూ ఇవ్వకండి. వారి గిన్నెలో ఉండేది ఎక్కువగా నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం, పాఠ్యపుస్తకాల్లో ద్రవరాజం అని మాస్టారు చెప్పి ఉంటారు. అది బంగారాన్ని కూడా కరిగించగలదు. నగ మెరుస్తూనే తిరిగి వస్తుంది, కానీ రెండు మూడు గ్రాములు ఆ గిన్నెలోనే ఉండిపోతాయి.

డాలస్ తెలుగువాడు:

నేను 18 ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ కుంకుడుకాయలు భారతీయ దుకాణాల్లో పొడి రూపంలో తప్ప దొరకవు గనుక మేము చిన్న అల్ట్రాసోనిక్ యంత్రం కొన్నాము. నీటిలో చెవికి వినిపించనంత వేగమైన ధ్వని తరంగాలు పుట్టి, సూక్ష్మమైన బుడగలు పగులుతూ సందుల్లోని మురికిని వదిలిస్తాయి. రాళ్ళు లేని గొలుసులు, గాజులు, తెరిచిన కట్టు ఉన్న వజ్రపు ఉంగరాలు మూడు నిమిషాల్లో కొత్తవాటిలా వస్తున్నాయి. ఇంత సులువైన పరికరం ఉండగా బ్రష్షులతో కుస్తీ ఎందుకన్నది నా ప్రశ్న.

మరొక అనుభవం కూడా చెబుతాను. మా ఆవిడ 18 క్యారెట్ల తెల్ల బంగారు ఉంగరాన్ని ఈతకొలను దగ్గర కూడా తీసేది కాదు. నాలుగేళ్ళకు రాయిని పట్టి ఉంచే కొక్కేల్లో ఒకటి విరిగిపోయింది. కొలనులో కలిపే క్లోరిన్ ఆ మిశ్రమ లోహాన్ని బలహీనపరిచిందని ఇక్కడి నగల పనివాడు చెప్పాడు. 14, 18 క్యారెట్ల నగల్లో ఇతర లోహాల పాలు ఎక్కువ కాబట్టి వాటికి ఈ ముప్పు ఎక్కువట. ఇక్కడి తెలుగువారు, ముఖ్యంగా పిల్లలను ఈతకు తీసుకువెళ్ళే తల్లులు, గమనించగలరు.

కుంపటి పక్కన:

యంత్రం చెడ్డదని నేను అనను, మా అంగట్లోనూ ఒకటి ఉంది. కానీ అది మురికినీ వదులైన రాయినీ ఒకే విధంగా కదిలిస్తుంది. మీరు చెప్పిన నగలకు సరిపోతుంది. పచ్చ, ముత్యం, పగడం, లక్క నింపిన నగ, దారం మీద గుచ్చిన నగ, వీటిలో ఏదీ దానిలోకి దిగకూడదు. పచ్చలోని నూనెను అది ఎంత చక్కగా బయటికి లాగుతుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. కెంపుల్లోనూ ఒక చిక్కు ఉంది. సహజమైన కెంపు 9 గట్టిదనం గలది, దేనికీ భయపడదు. అయితే ఈమధ్య పగుళ్ళలో గాజు నింపిన కెంపులు చాలా వస్తున్నాయి. ఆ గాజు నిమ్మరసానికి కూడా చెడుతుంది. కొన్నప్పుడు చెప్పనివారు కడిగేటప్పుడు చెబుతారా? గనుక రాయి చరిత్ర తెలియకపోతే యంత్రాన్ని పక్కన పెట్టడమే మేలు. గోదావరి అమ్మగారి సంచిలో ఉన్న నగల్లో ఆ యంత్రంలో నిశ్చింతగా వేయగలిగినది నల్లపూసలు విడదీసిన నానుతాడు ఒక్కటే.

చిలకలపూడి పేరంటాలు:

నాది బంగారం సమస్య కాదు గానీ, ఈ చర్చ చదివిన తరువాత ఒక మాట రాయాలనిపించింది. పెళ్ళిళ్ళలో ఇప్పుడు సగం మంది పెట్టుకునేవి ఒక గ్రాము బంగారం పేరుతో అమ్మే పూత నగలు. మా బందరు పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డు నగలు కూడా ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పైన చెప్పిన సబ్బునీరు, బ్రష్షు, వంటసోడా వీటికి వర్తించవు. పైన ఉన్నది అతి పలుచని పొర, తోమినకొద్దీ అదే ముందు పోతుంది, కింద ఉన్న రాగి లేదా ఇత్తడి బయటపడి పచ్చగా చిలుము పడుతుంది. విప్పిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో చెమట తుడిచి, గాలి చొరని సంచిలో పెట్టడమే వీటికి చేయగలిగిన సేవ. అత్తరు, జుట్టుకు కొట్టే స్ప్రే అన్నీ ముగిసిన తరువాతే నగలు పెట్టుకోవాలి. ఇది ముత్యాలకు కూడా వర్తిస్తుందనుకుంటాను.

పత్తర్‌గట్టి ముత్యం:

తప్పకుండా వర్తిస్తుంది. నేను హైదరాబాదులో ముత్యాలు గుచ్చే పని నేర్చుకున్నదానిని. ముత్యాన్ని చివరగా పెట్టుకుని మొదట తీయాలి. ముత్యం గట్టిదనం 2.5కు కాస్త పైన మాత్రమే, అంటే మన గోటికి దాదాపు సమానం. రాళ్ళ నగలతో కలిపి ఒకే పెట్టెలో వేస్తే వజ్రం, కెంపు దానిని గీరుతూనే ఉంటాయి. ముత్యంలో కొద్దిపాటి తేమ కూడా ఉంటుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఏళ్ళ తరబడి మూసి పెడితే, మరీ పొడిగా ఉన్న లాకరులో వదిలేస్తే, పై పొర పగిలే అవకాశం ఉంటుంది. నూలు గుడ్డలో వదులుగా చుట్టి, ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసి పెట్టుకోవడం మంచిది. వేలాడదీయకండి, బరువుకు దారం సాగుతుంది.

వెండికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి గాలి తగలకూడదు. జిప్ ఉన్న సంచిలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచండి. ఒక్కమాట, వెండి పట్టీలను రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టేవారిని చాలామందిని చూశాను. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు తగిలిన చోట నల్లని చారికలు అచ్చుగుద్దినట్లు పడతాయి. ఉన్ని గుడ్డ కూడా అంతే.

పెళ్ళికి ముందు హారం గుట్టపూసల దారాన్ని ఎవరి చేతనైనా పరీక్ష చేయించండి. 12 ఏళ్ళు కదలకుండా ఉన్న పట్టుదారం పైకి బాగానే కనిపిస్తుంది, పెళ్ళిపీటల మీద తెగితే ఆ పూసలను అక్షింతల్లోంచి ఏరుకోవలసి ఉంటుంది.

గోదావరి గట్టు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు గడిచాయి, ఏమి జరిగిందో చెప్పవలసిన బాధ్యత నాకుంది.

హారాన్ని తిప్పి చూస్తే వెనుక అంతా మూసే ఉంది. చెవి దగ్గర తట్టినప్పుడు నడిమి బిళ్ళ దగ్గర సన్నని చప్పుడు వినిపించింది. వెంటనే ఆపి మా ఊరి ఆచారిగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఒక కెంపు బిగువు వదిలి ఉంది, ఇంకో నాలుగు రోజులు బ్రష్షుతో దులిపి ఉంటే చేతికి వచ్చేదని అన్నారు. దానిని బిగించి, గుట్టపూసల దారం కూడా మార్చి ఇచ్చారు. దిద్దులు ఒకటి తెరిచిన కట్టు, మరొకటి మూసిన కట్టు కావడం వింతగా అనిపించింది. ఒకటి ఎప్పుడో పోయి తిరిగి చేయించి ఉంటారని అమ్మ గుర్తు చేసుకుంది. అందుచేత ఒకదానిని కడిగి, ఒకదానిని తుడిచాను. ఉంగరాన్ని రాళ్ళ వ్యాపారి జైపూరు పంపించారు, నెల పడుతుందన్నారు.

పట్టీలకు రేకు, వంటసోడా అద్భుతంగా పనిచేశాయి. భరిణెకు మాత్రం అత్తయ్యగారు విభూతినే వాడారు, నేను అడ్డు చెప్పలేదు.

నానుతాడును కుంకుడు రసంలో రెండుసార్లు నానబెట్టాను. మెరుగుకు ఇచ్చే ఉద్దేశంతో కడగక ముందు, కడిగి ఆరబెట్టిన తరువాత రెండుసార్లు తూకం వేయించాను. ముందు 32.140 గ్రాములు, తరువాత 31.960 గ్రాములు. మాయమైన 180 మిల్లీగ్రాములు పూర్తిగా పసుపు, సబ్బేనని గిన్నె అడుగున చూస్తే తెలిసింది. కడగకుండానే మెరుగుకు ఇచ్చి ఉంటే ఆ తేడాను చూసి ఆచారిగారిని అనుమానించి ఉండేదానిని.

కుంపటి పక్కన:

మంచి పని చేశారమ్మా. మెరుగుకు ఇచ్చే ముందు ఎవరైనా ఇంట్లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు తూకం వేయించి, ఆ అంకె చీటీ మీద రాయించుకోవాలి. మాకూ మీకూ మాట పడదు. యంత్రం మీద మెరుగు పెడితే కొన్ని మిల్లీగ్రాముల బంగారం నిజంగానే అరిగి పొడుముగా రాలుతుంది, కనుక ఏటేటా మెరుగు పెట్టించకండి. కొత్త నగలైతే మరో జాగ్రత్త కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు సన్నగా చెక్కి ఉంటుంది, గట్టిగా మెరుగు పెడితే చెరిగిపోతుంది, అమ్మేటప్పుడు ఇబ్బంది. మీ నానుతాడు పాతది కనుక దానికి ఆ బెంగ లేదు. కుంకుడు రసంతోనే మెరిసింది కదా, ఇక మెరుగు అవసరమే లేదు, అలాగే వేసుకోండి.